మిగతా గంటన్నర

శనివారం పొద్దున్నే పాప హోంవర్కు ముందేసుకుని కూర్చుంది. ఏవైనా రెండు విమానాశ్రయాల మధ్య దూరం, ప్రయాణ సమయం రాసుకురమ్మన్నారు. నాన్న పనిచేసే ఊరినీ తమ ఊరినీ ఎంచుకుని ఫోన్లో వెతికింది.

"అమ్మా, నాలుగువందల ముప్ఫై కిలోమీటర్లు. యాభై అయిదు నిమిషాలట!"

"సరిగ్గా చూడు. నాన్న రెండున్నర గంటలంటారుగా."

"మూడుసార్లు చూశానమ్మా!"

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆవిడ ఎప్పుడూ విమానం ఎక్కలేదు. ఆర్నెల్ల కిందట అక్కడి విమానాశ్రయంలో సామాన్ల బెల్టులు బాగుచేసే పనిలో చేరిన మొగుడు ఎంతంటే అంతేనని నమ్మింది. ప్రతి శనివారం ఎనిమిదింటి విమానమెక్కి పదకొండింటికి ఇల్లు చేరతాడు. మరి మిగతా గంటన్నర ఏ గంగలో కలుస్తోంది?

ఒక్కొక్కటిగా అన్నీ గుర్తుకొచ్చాయి. ఆర్నెల్లుగా వచ్చీరాగానే అతని చేతులు గడ్డం సబ్బు వాసన కొడుతున్నాయి. గడ్డం మాత్రం మాసిపోయే ఉంటోంది. ఎవరింటి సబ్బు అది? ఇక ఆవిడ ఒకచోట నిలవలేక, కిటికీకీ గుమ్మానికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగింది. పదింటికి ఫోన్ చేసింది. అతని లెక్కన ఇంకా గాల్లో ఉండాల్సిన మనిషి ఫోన్ చక్కగా మోగింది. రెండో మోతకే కట్ చేశాడు. అయిపోయింది నా బతుకు అనుకుంది.

పదకొండింటికి అతను బ్యాగు దించకముందే అడ్డంగా నిలబడింది.

"ఎవరది?"

"ఏది?"

"యాభై అయిదు నిమిషాల ప్రయాణం మీకు రెండున్నర గంటలెలా అయింది? ఆ సబ్బు ఎవరిది?"

అతను బ్యాగులోంచి తడి బ్రష్షూ రేజరూ తీసి బల్లమీద పెట్టాడు.

"మీ నాన్నది. ఇల్లు మన ఊరి ఎయిర్‌పోర్టు వెనక వీధేగా. ఓ రోజు మందులషాపులో కనపడ్డారు, మొహమంతా గాట్లు. చేతులు వణుకుతున్నాయట. ఊరుకోలేకపోయా. వారంవారం విమానం దిగగానే వెళ్లి గడ్డం గీసొస్తున్నా."

ఈ పెళ్లి చేసుకుంటే నా గడప తొక్కొద్దన్నాడు ఆ తండ్రి. ఆయన పేరెత్తితే ఈ ఇంట్లో ఉండనని పదేళ్ల కిందట ఒట్టేసింది ఈ కూతురు. మొండితనంలో ఇద్దరూ ఇద్దరే.

"మిమ్మల్ని అల్లుడే కాదన్నారుగా!"

"ఇప్పుడనమను చూద్దాం. పీక నా చేతిలో ఉంటుంది," అని నవ్వబోయి ఆగాడు. "నువ్వెలా ఉన్నావని ఆయన ఒక్కసారీ అడగలేదే. ఇందాక నువ్వు ఫోన్ చేస్తే, తెరమీద నీ ఫొటో పడింది. 'ఎత్తకు, ఇక్కడున్నావని తెలిస్తే నీమీద విరుచుకుపడుతుంది' అన్నారు. కట్ చేశాక, ఆ ఫొటో ఇంకోసారి చూపించమన్నారు."

ఆవిడ అక్కడే కూలబడి భోరుమంది.

పాప బిక్కమొహంతో నోటుపుస్తకం పట్టుకుని వచ్చింది. "అమ్మా, ఎంతని రాయను?"

"యాభై అయిదే రాయి తల్లీ." ఆవిడ కళ్లు తుడుచుకుని లేచింది. "రాసేసి చెప్పులేసుకో. తాతయ్య నన్ను ఫొటోలో చూసింది చాలు."