దాటేయకూడని కథ

రాప్తాడులో హైవే పక్కన నాకొక వీడియో గేముల అంగడి ఉండేది. రెండు టీవీలు, కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు, ఒక షట్టరు. వానలు లేక బోరు ఎండిపోయాక సేద్యం మానుకుని పెట్టుకున్న అంగడి అది. అందులో బీడీ తాగకూడదు, బూతు మాట్లాడకూడదు, పందెం కాయకూడదు. ఇంకొక నియమం కూడా ఉండేది. ఆట మొదట్లో వచ్చే కథను ఎవరూ బటన్ నొక్కి దాటేయకూడదు.

ఆ కథ చెప్పేది ఒక ముసలమ్మ. తెరమీద ఎండిన బావి గట్టున కూర్చుని, ఏదో పరదేశపు భాషలో నిదానంగా చెప్పేది. కొన్ని మాటలు చెప్పి, ఆగి, మనవైపు చూసేది. ఆమె ముగించాకే, మనం ఆడించే కత్తి పట్టుకున్నవాడు కదిలేవాడు.

పంక్చర్లు వేసే అర్హాన్, లారీ షెడ్డులో పనిచేసే ప్రవీణ్ పని అయ్యాక వచ్చేవాళ్ళు. వచ్చిన ప్రతిసారీ ఇదే తగవు.

"ఏమన్నా, ఆడేకి వచ్చినామా, హరికథ వినేకి వచ్చినామా?" అనేవాడు ప్రవీణ్. "ఆ ముసల్ది చెప్పేది నీకన్నా అర్థమైతాండాదా?"

"అర్థం కాకున్నా కూచోప్పా. వాడు పోయి ఎవరినో నరుకుతాండాడు. ఎందుకో తెలుసుకోకుండానే నరుకుతావా?"

"తెలిస్తే మాత్రం నరక్కుండా ఉంటామా? చేతికి పని ఉంటేనే ఆట. నోరు తెరుచుకోని చూసేది ఆట యాడయితాదన్నా?"

అర్హాన్ నవ్వేవాడు. "కథ చెప్పేవాళ్ళకు ఊ కొట్టేకి ఒక మనిషి ఉండాల. ఆ ముసల్ది ఆగి ఆగి చూసేది దానికే. నువ్వు కొట్టన్నా ఊ."

నాకు నవ్వు వచ్చేది కాదు. మా ఇంట్లో ఊ కొట్టే మనిషి నా భార్య వెంకటలక్ష్మమ్మ. దీపం ఆర్పాక నేను ఏదో ఒక కథ చెప్పేవాణ్ణి. ఆమె సగం నిద్రలో కూడా "ఊఁ..." అని సాగదీసేది. ఊ ఆగితే కథ ఆపేయాలి. అది మా వైపు పద్ధతి. ఒక కరువు ఏడాది, అడుగంటిన బావిలో నీళ్ళు చేదబోయి, జారిపడి చనిపోయింది. తర్వాత నేను ఎవరికీ ఏ కథా చెప్పలేదు.

2003 ఆషాఢం. మబ్బులు వస్తున్నాయి, గాలికి పోతున్నాయి, చుక్క రాలడం లేదు. ఆ సాయంత్రం దుమ్ము ఎంతగా లేచిందంటే రోడ్డు మీద లారీలు చీకటి పడకముందే లైట్లు వేసుకుని పోయాయి. ఒక్కరూ రాలేదు. షట్టరు సగం దించి కూర్చున్నాను. వేడెక్కిన దుమ్ము వాసన. షట్టరు రేకు దడదడలాడుతున్న శబ్దం. తెలియని భాష అయితేనేం, మనిషి గొంతు కదా అని ఆట పెట్టాను.

ముసలమ్మ చెప్పింది. ఆగింది. నావైపు చూసింది.

"ఊ" అన్నాను. పొద్దుటి నుంచి నా నోట వచ్చిన మొదటి మాట అదే.

ఆమె ముఖం కొంచెం ముందుకు వంగింది. గాలిలో తడి మట్టి వాసన... బావి అడుగున ఉండే మట్టి వాసన.

"ఒక ఊర్లో ఒకడుండాడంట" అంది తెలుగులో.

"ఊ" అన్నాను. అలవాటు అలాంటిది.

"వానికి పెండ్లాం లేదంట."

"...ఊ."

"దీపాలు పెట్టే పొద్దుకు అంగట్లో ఒక్కడే కూచోనుండాడంట."

బటన్ నొక్కాను. నేను ఎవరినీ నొక్కనివ్వని బటన్. మళ్ళీ నొక్కాను. మళ్ళీ... ముసలమ్మ కదలలేదు.

"వాని ఎనక కుర్చీలో ఎవరో వచ్చి కూచున్నారంట."

నా వెనక ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమంది.

నోరు గట్టిగా మూసుకున్నాను. ఊ లేకపోతే కథ జరగదు. కథ జరిగితే, దాని చివర ఏముందో అది నాకు జరుగుతుంది. పళ్ళు బిగించాను. ముసలమ్మ చూస్తోంది. నేను చూస్తున్నాను. షట్టరు చప్పుడు కూడా ఆగిపోయింది.

అప్పుడు నా మెడ వెనక నుంచి, నిద్రమత్తుగా, సాగదీసి...

"ఊఁ..."

ఆ గొంతు నాకు తెలుసు.

ముసలమ్మ నవ్వింది. "వాడు తిరిగి చూసినాడంట..."

నేను తిరగలేదు. వైరు పెరికేశాను. చీకటిలో, వెనక్కి చూడకుండా, షట్టరు కింద నుంచి పాకి బయటపడ్డాను.

మర్నాడు ప్రవీణ్ వస్తే ఆ సీడీ విరిచేశానని చెప్పాను. "ఇన్నాళ్ళకు బుద్ధొచ్చె మా అన్నకు!" అని చప్పట్లు కొట్టాడు. అర్హాన్ మాత్రం కుర్చీ మీద చెయ్యి పెట్టి నిలబడిపోయాడు.

"ఇది తడిగా ఉండాదేమన్నా? ఈడికి నీళ్ళు యాడియి?" అన్నాడు మెల్లగా.

ఆ నెలలోనే అంగడి మూసేశాను.

ఏది రాసినా పైకి చదివి తప్పులు దిద్దుకోవడం నాకు బడిలో అబ్బిన అలవాటు. ఈ కథ ఇక్కడిదాకా రాసి, ఈ రాత్రి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. ఇంట్లో నేనొక్కణ్ణే. మొదటి వాక్యం అవగానే వెనక మంచం వైపు నుంచి "ఊఁ..." అని వినిపించింది.

ఆపేయాల్సింది. ఊ ఉన్నంతవరకు కథ జరుగుతూనే ఉంటుందని తెలిసినవాణ్ణి. కానీ ఇన్నేళ్ళ తర్వాత నా కథకు ఒకరు ఊ కొడుతున్నారు. చదువుతూనే పోయాను. ఒక్కొక్క వాక్యానికీ ఒక ఊ...

ముసలమ్మ చివరగా చెప్పిన మాట దగ్గర, వాడు తిరిగి చూసినాడన్న చోట, ఆగాను. అది ఇంకా పైకి చదవలేదు.

వెనక మంచం మీద నుంచి నీటిచుక్కలు నేల మీద పడుతున్నాయి.