పద్నాలుగో తాత విప్పిన కంకణాలు

రొట్టెల బట్టీలు ఎరగని పాతకాలంలో, పులిసిన పిండికుండ అడుగున పిండిని పొంగించే, కంటికి ఆనని ఈస్టు రాజ్యం ఒకటుండేది. దాన్ని నురగాంబ అనే రాణి ఏలేది. అక్కడ పని మొదలుపెట్టే ప్రతివాడి చేతికీ కంకణం కట్టేవారు. కట్టడం చాలామందికి వచ్చు. విప్పడం మాత్రం వంశంలో పద్నాలుగోవాడైన పద్నాలుగో తాతకే తెలుసు. విప్పేదాకా పని ఆపడం ఎవరి తరమూ కాదు.

ఆ ఏడు కోటగోడకు మొగ్గలా చిన్న కోట మొలిచింది. అది రాకుమారి పొంగారి ఏలవలసిన కొత్త రాజ్యం. వంశగ్రంథాలకు నకళ్లు రాయించి, వాటిని తాళ్లతో అక్కడికి లాగించారు. ఇక నడుమ గోడ కట్టి విడిపోవాలి. కానీ కంకణాలు విప్పేవాడు కనిపించక, కూలీలు ఉత్త తాళ్లనే లాగుతున్నారు. తాళ్లు అడ్డుంటే గోడ లేవదు. విడిపోకపోతే ఉన్న ఒక్క గాదె ఖాళీ అయి, రెండు కోటలూ నశిస్తాయి.

కంకణాలు కట్టే తెమ్మెరకు పాతరోజులు గుర్తొచ్చాయి. పని ముగియగానే తాత నవ్వుతూ వచ్చి, ముడిమీద ఉఫ్‌మని ఊది విప్పేవాడు. ఆ చల్లదనం తలచుకుని ఆమెకు ఏడుపొచ్చింది. తాతను వెతకాలని బయలుదేరి, ముందు చిన్న కోటకు వెళ్లింది.

"గ్రంథాల చివరి కట్ట కూడా చేరిందక్కా! చెబితే అమ్మ వినడంలేదు," అంది పొంగారి.

ఇందులో రాణి చెయ్యే ఉందనుకుని తెమ్మెర వెనుదిరిగి, తాళ్ల అడవిలో దూరి, నురగవాగు ఈది, పెద్దకోట నేలమాళిగకు దిగింది. అక్కడ కాపలా ఉండే వలరక్కసి తాతను తన వలలో చుట్టి కూర్చుంది.

"గ్రంథాలు చేరకముందే విప్పేస్తాడని రాణిగారు ఈయన్ని నాకప్పజెప్పారే!" అంది రక్కసి.

"అన్నీ చేరిపోయాయి పిన్నీ."

"చేరితే నాకేంటి? పట్టుకోమన్నారు. వదలడం నా పని కాదు."

తెమ్మెర చటుక్కున రక్కసి మణికట్టుకు కంకణం కట్టేసింది. "ఇప్పుడు అదే నీ పని!"

కంకణం పడ్డాక కాదనడం రక్కసికైనా చెల్లదు. గొణుక్కుంటూనే వల సడలించింది.

"నన్ను విప్పడానికి ఒకటి కట్టావా! గట్టిదానివే," అని తాత పగలబడి నవ్వాడు.

ఆయన ఊదుతూ పోతుంటే కూలీలు ఒక్కొక్కరే తాళ్లు వదిలి కూలబడ్డారు. రాణి మాత్రం కంకణమున్న తన చెయ్యి కొంగుచాటున దాచుకుంది.

"నాది విప్పకు బాబాయ్. విప్పితే పొంగారి వెళ్లిపోతుంది."

"నన్ను దాచింది గ్రంథాల కోసం కాదన్నమాట!" అన్నాడు తాత.

రాణి తలవంచుకుంది. "దాన్ని ఊయలలో ఊపింది నిన్నో మొన్నో అన్నట్టుంది..." చివరికి రాణి తానే చెయ్యి చాపింది.

గోడ లేచింది. చిన్న కోట మెల్లగా విడిపోయి, పిండిలో తేలుతూ సాగింది. పొంగారి పట్టాభిషేకపు బాకాలు ఇవతలికి కూడా వినిపించాయి.

మర్నాడు మేస్త్రీ, చిన్న కోట విడిపోయిన చోట గోడమీద మిగిలిన గుండ్రటి మచ్చను పూడ్చడానికి సున్నం తెచ్చాడు. రాణి అతన్ని ఆపి, మచ్చను అరచేత్తో నిమిరింది.

"ఉండనీ నాయనా. ఇంకెంతమంది పుట్టినా, ఈ చోట మళ్లీ పుట్టరు."