ఎల్లేశ్ ఒర్రె దగ్గర అడిగిన మాట

చిన్న కథే. పొయ్యి మీద చాయ్ పొంగేలోపు అయిపోతుంది, కూర్చోండి.

కొత్తగూడ దాటి అడవి బాటలో పోతే ఒక ఒర్రె వస్తుంది. ఎండాకాలంలో దాన్ని మేకలు కూడా లెక్కచేయవు. వానాకాలంలో మోకాలి లోతు పారుతుంది. దాటగానే బాట పైకి లేస్తుంది, బురద ఎక్కుడు. ఆ ఎక్కుడులో పొద్దుగూకినంక బండి ఆపొద్దంటారు. ఆపితే కదలదు... చక్రం లేపితే లేవదు... కింది నుంచి ఎవరో పట్టుకుంటారు.

ఎవరో ఏంది, మా ఊరి పిల్లగాడు ఎల్లేశే. పదిహేనేండ్ల కింద ఆ ఎక్కుడులోనే ట్రాక్టరు ట్రాలీ పంచరైతే, జాకీ ఎత్తి కిందికి దూరాడు. ట్రాలీ వెనక్కి జరిగింది. జాకీ ఒరిగింది. అంతే.

అప్పటి నుంచి అక్కడ ఆగినవాళ్ళ చెవి దగ్గరికి వచ్చి, మెల్లగా ఏదో అడుగుతాడట.

ఏమడుగుతాడు? అది మాత్రం ఎవరికీ తెలియదు. నిలబడి విన్నవాడు లేడు. మా యాకయ్య చెవికి చల్లటి ఊపిరి తగలగానే స్కూటరు అక్కడే వదిలి ఇంటిదాకా ఉరికాడు. ఒక చెప్పు ఒర్రెలో పోయింది. రెండోది ఇప్పటికీ దాచుకున్నాడు, మొదటిది ఎల్లేశ్ తెచ్చిస్తాడేమోనని.

ఇక కథకు వస్తా. దానికంటే ముందు బగ్గీ సంగతి చెప్పాలి.

డోర్నకల్‌లో రైల్వే పని చేసి రిటైరైన శామ్యూల్ సారు, మా దగ్గర అడవి చూపించే క్యాంపు పెట్టాడు. దానికోసం ఒక బండి కొన్నాడు. జీపు కాదు, ఆటో కాదు. పక్కపక్కన రెండు సీట్లు, నాలుగు లావు చక్రాలు, తలుపుల్లేవు, నెత్తిన ఇనుప పైపులు. మేం బగ్గీ అంటాం. దాన్ని నడిపేవాడు సురేష్. ఏ దెయ్యానికీ భయపడనని మా సురేష్ పగటిపూట చాలాసార్లు చెప్పాడు.

పట్టాలు దిగిన రైలు పెట్టెల్ని జాకీలతో ఎక్కించిన చేతులు శామ్యూల్ సారువి. బగ్గీ తాళం ఇచ్చేముందు సురేష్‌ను నెల రోజులు సతాయించాడు.

"దీనికి చేతి బ్రేకు లేదు బిడ్డా, గేరే బ్రేకు. ఒక చక్రం గాల్లకు లేసిందంటే ఆ గేరు పట్టు కూడ పోతది. అందుకే ముందు అందరు దిగాలె, చక్రాలకు రాయి పెట్టాలె. జాకీ కింద చెక్క వెయ్యాలె. ఊడదీసిన చక్రం బండి కిందనే పండబెట్టాలె. అప్పుడు జాకీ మోసం చేసినా చక్రం మోస్తది. అది పెట్టకుంట కింద చెయ్యి పెడితివా, ఆ చెయ్యి నీది కాదు."

"ఇంకోటి. బండిని లేపితే దీని చక్రం లేవదు. కోడిని రెక్కలు పట్టి లేపు, కాళ్ళు కిందికే యాలాడుతయి సూడు, గట్ల. ముందే చక్రాన్ని తాడుతోని పైకి కట్టుకోవాలె."

చదివించి, అప్పజెప్పించుకుని, రైలు పట్టాల కింద వేసే పాత స్లీపరు దుంగ నుంచి కోయించిన గట్టి చెక్క ఒకటి చేతికిచ్చాడు. జాకీ మెత్తటి నేలలోకి దిగకుండా కింద వేసేది.

సురేష్ ఆ చెక్కను భద్రంగా ఇంటికి తీసుకుపోయాడు. అతని పెళ్ళాం శైలజ దాన్ని అంతకంటే భద్రంగా పొయ్యి ముందు వేసుకుని, మీద కూర్చుని రొట్టెలు చేయడం మొదలుపెట్టింది. మంచి పీట. కాళ్ళు లేవు, కిర్రుమనదు.

చాయ్ పొంగినట్టుంది. దించండి. ఇంకెంత, ఇద్దరు మనుషులు, ఒక కోడి.

పోయిన వానాకాలం సురేష్ అత్త లక్ష్మీనర్సమ్మ బిడ్డను చూడవచ్చింది. ఆమె ఊరు ఒర్రె అవతల. తిరిగి పోయే రోజు బస్సు దాటిపోయింది. శైలజకు జ్వరం. దిగబెట్టడానికి సురేష్ ఒక్కడే ఉన్నాడు, బగ్గీ ఒక్కటే ఉంది.

లక్ష్మీనర్సమ్మ పాతకాలం మనిషి. పెళ్ళైన పదకొండేండ్లలో అల్లునితో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. చెప్పాల్సింది బిడ్డకు చెబుతుంది, బిడ్డ అల్లునికి చెబుతుంది. ఆ రోజు బిడ్డ లేదు. ఒళ్ళో బిడ్డ కట్టిచ్చిన నాటుకోడి ఉంది, సీటు మీద వేసుకుని కూర్చున్న సంచి ఉంది.

"ఓ కోడీ, జర మెల్లగ నడపమను," అన్నది.

"కోడీ, మెల్లగనే నడుపుతున్ననని చెప్పు," అన్నాడు సురేష్.

అట్లా ముగ్గురూ ముచ్చట పెట్టుకుంటూ ఒర్రె దాకా వచ్చేసరికి పొద్దుగూకింది. నీళ్ళు దాటారు. ఎక్కుడు ఎక్కుతుంటే – గర్రుమని చప్పుడు. బండి ఆగింది.

సరిగ్గా అక్కడే.

సురేష్ ఫోను లైటు వేసి చూశాడు. పందుల కోసం ఎవరో కట్టిన పాత ముళ్ళతీగ. వెనక చక్రాన్ని చీల్చి, లోపల ఇరుసుకు గట్టిగా చుట్టుకుంది. సిగ్నల్ లేదు. కప్పలు కూడా అరవడం లేదు.

"కోడీ... గీడ గాలి మంచిగ లేదంటరు. జల్ది కానియ్యమను."

"కోడీ, బండి లేపాలె. మీయమ్మను జర దిగమను."

"మోకాళ్ళు నొస్తున్నయని చెప్పు."

ఒర్రె అంటే భయమేమో అనుకున్నాడు. అత్తను రెండోసారి దిగమనే ధైర్యం లేదు. ఎల్లేశ్ నయం.

చెక్క కోసం వెనక వెతికాడు. అప్పుడు గుర్తొచ్చింది, అది పొయ్యి ముందు ఉండాలి. సరే అని నట్లు కొంచెం వదులు చేసి, జాకీని బురద నేల మీదనే పెట్టి, దాని పిడి కొట్టడం మొదలుపెట్టాడు. జాకీ లేస్తోంది... బండి లేవడం లేదు. లైటు దించి చూస్తే – జాకీ భూమిలోకి పోతోంది. ఎవరో కింది నుంచి గుంజుతున్నట్టు.

సురేష్ చొక్కా వీపుకు అంటుకుంది.

ఒక పలుచటి బండరాయి తెచ్చి జాకీ కింద వేశాడు. మళ్ళీ కొట్టాడు. ఈసారి బండి లేచింది. కానీ చక్రం... చక్రం నేలను వదలడం లేదు. బండి ఒళ్ళు జానెడు పైకి పోయింది, చక్రం అక్కడే ఉంది. ఎవరో రెండు చేతులతో పట్టుకున్నట్టు.

శామ్యూల్ సారు చెప్పిన కోడి కాళ్ళు ఆ క్షణంలో గుర్తు రాలేదు. పైన సీట్లో కోడి ఉంది, దాని కాళ్ళు కూడా ఉన్నాయి. అయినా రాలేదు.

తెలిసిన దేవుళ్ళందరినీ తలుచుకుని, శామ్యూల్ సారు దేవుణ్ణి కూడా కలుపుకుని, ఇంకో పది సార్లు కొట్టాడు. చక్రం గాల్లోకి లేచింది. ఊడదీసి చెట్టుకు ఆనించాడు. ఇక తీగ. పట్టకారు పట్టుకుని వెల్లకిలా పడుకుని, నడుముదాకా బండి కిందికి జరిగాడు.

చీకటి. బురద వాసన. ఇరుసు నుంచి నీటి చుక్క ఒకటి నుదుటి మీద పడింది.

అప్పుడు... కుడిచెవి పక్కన... చల్లగా...

"రాయి పెట్టినవా?"

సురేష్ చెయ్యి ఆగిపోయింది. పెట్టలేదు. ఏ చక్రానికీ పెట్టలేదు. నెల రోజులు అప్పజెప్పిన పాఠంలో ఆ ముక్కే మరిచాడు.

"పెట్టలే అత్తమ్మా... ఇప్పుడే పెడుత," అని సిగ్గుపడి బయటికి జరిగాడు.

లేచి రెండు అడుగులు వేశాడు, రాయి కోసం. వెనక – కిర్రు... మని చప్పుడు.

బగ్గీ బెత్తెడు వెనక్కి జరిగింది. బండరాయి పలిగింది. జాకీ ఒరిగింది. బండి ధడేలున కూలింది. సురేష్ ఛాతీ ఉండిన చోట ఇనుము నాలుగు వేళ్ళ లోతు దిగింది.

కోడి ఎగిరి కొమ్మెక్కింది. లక్ష్మీనర్సమ్మ సంచితో సహా బురదలో పడింది. దెబ్బ తగలలేదు. సంచి మూతి మాత్రం ఊడి, లోపలున్నది బయటపడింది.

రైలు చెక్క.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆమె మోకాళ్ళకు ఏ నొప్పీ లేదు. బిడ్డ ఇంట్లో పీట నచ్చింది, అడిగితే శైలజ ఇచ్చేసింది. అల్లునికి చెప్పలేదు. సంచిలో వేసి, బండిలో దాని మీదనే కూర్చుంది. దిగితే కనబడుతుందని దిగలేదు.

సురేష్ చెక్కను చూశాడు. లక్ష్మీనర్సమ్మ కొమ్మ మీది కోడిని చూసింది.

తర్వాత పనంతా పాఠం ప్రకారం జరిగింది. నేల మీదున్న మూడు చక్రాలకూ రాళ్ళు పడ్డాయి. జాకీ పట్టేంత మన్ను తవ్వి, చెక్క వేసి, దాని మీద జాకీ నిలిపాడు. చక్రం ఎక్కే ఇరుసు కొసను తాడుతో పైకి కట్టాడు. బండి లేవగానే చిరిగిన చక్రాన్ని కింద పండబెట్టాడు. అప్పుడు తీగ కోశాడు, స్టెప్నీ ఎక్కించాడు. అత్త లైటు పట్టింది. కోడి దానంతటదే దిగింది.

అత్త ఇంటి ముందు ఆపాక సురేష్ ఆమె దిక్కు తిరిగాడు.

"అత్తమ్మా, నువ్వు అడగకపోతే నేను ఇయ్యాల సచ్చిపోదును."

లక్ష్మీనర్సమ్మ కోడి దిక్కు తిరిగింది.

"ఓ కోడీ, నేనేం అడిగిన? నాకు రాయి సంగతి ఏం తెలుసు? చెక్క కనబడతదేమోనని నేను నోరే తెరవలే. కింద పండుకుని తనకు తనే 'పెట్టలే' అంటుంటే, గాలి సోకింది అల్లునికి అనుకున్న..."

సురేష్ ఆ రాత్రి తిరిగి రాలేదు. అత్త ఇంట్లోనే, దీపం ఆర్పనీయకుండా, కోడి పక్కన పడుకున్నాడు.

తెల్లారి శామ్యూల్ సారు విని, అది తన పాఠమే సురేష్ చెవిలో మోగిందన్నాడు. ఆయనకు మంచి పేరు ఊరికే పోనీయడం ఇష్టం ఉండదు. యాకయ్య మాత్రం చాలా బాధపడ్డాడు. పదిహేనేండ్లుగా ఆ పిల్లగాడు అడుగుతున్నది అంత చిన్న మాటా అని. ఆ రోజు ట్రాలీ చక్రానికి రాయి లేదని మా ఊళ్ళో అందరికీ తెలుసు.

మూడో రోజు లక్ష్మీనర్సమ్మ ఫోనులో శైలజతో అన్నది: "సచ్చినోడే మా అల్లునితోని నేరుగ మాట్లాడంగ, బతికున్న నాకేం సిగ్గు?"

అని ఆ ఫోను పెట్టేసి అల్లునికే చేసింది. పదకొండేండ్ల మాటలు మిగిలి ఉన్నాయి కదా, ఇప్పుడు రోజూ చేస్తోంది. బగ్గీ ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి. మొదటి మాట ఒక్కటే – "రాయి పెట్టినవా?"

చెక్క తిరిగి ఇవ్వలేదు. శామ్యూల్ సారు ఇంకోటి కోయించాడు.

ఒర్రె దగ్గర ఆ తర్వాత ఎంతోమంది ఆగారు. ఎవరి చెవిలోనూ ఎవరూ ఏమీ అడగలేదు.