పెదవుల మీద చీమలు

ఆ హాల్లో రాత్రిపూట ఎవరూ మైకు పట్టుకోరండీ. పగలు మీటింగులు, సన్మానాలు అన్నీ జరుగుతాయి. పొద్దు వాలితే మాత్రం తాళమే. పదేళ్ళ కిందట అక్కడ పాడుతూ పాడుతూ ఒకావిడ... చరణం మధ్యలో మైకుతో సహా కుప్పకూలిపోయింది. మళ్ళీ లేవలేదు. అప్పట్నుంచీ ఆ స్టేజీ నడిమధ్య నిలబడి ఎవరు పాడినా ఆవిడొచ్చి మైకు లాక్కుంటుందని చెప్పుకుంటారు.

కాస్త దగ్గరగా జరగండి, గట్టిగా చెప్పే కథ కాదిది. మా ఊళ్ళో మైకుసెట్లు పెట్టే మైకాయన నాకు చెప్పిందే చెబుతున్నాను. ఒక్క ముక్క కలిపినా పైవాడు చూస్తూనే ఉంటాడు.

ఇన్నాళ్ళకు ఆ హాల్లో ఒక రాత్రి కచేరీకి ఒప్పుకున్నారు. పాడేది మైకాయన భార్యే. ముందురోజు రాత్రి ఇద్దరూ వెళ్ళి సామాను బిగించుకుంటున్నారు. సొంత ఆంప్లిఫయర్ సరిగ్గా ఆ రోజే మొరాయించింది. దాంతో మామగారి పాత పెట్టె అటక మీంచి దింపి తెచ్చాడాయన. మామగారూ ఒకప్పుడు మైకుసెట్ల మనిషే. నిద్రలో ఉన్నారు కదా అని అడగలేదు.

అప్పుడే వాన వెలిసింది. కప్పు కారి స్టేజీ అంతా చెమ్మ.

వాచ్‌మన్ తలుపు దగ్గరే ఆగిపోయాడు. "నేనిక్కడే ఉంటాను బాబూ. ఆవిడకు నేనంటే గిట్టదు."

"నువ్వంటే ఎవరికి గిట్టుతుందిలే," అన్నాడు మైకాయన. నవ్వాడు గానీ... వైర్లు లాగుతున్న చేతులు తొందరపడుతున్నాయి.

పాడేచోట చెప్పులేసుకోదు ఆమె. వట్టికాళ్ళతో వెళ్ళి మైకు ముందు నిలబడింది. ఆయన స్విచ్చి వేశాడు.

చప్పుడు లేదు. అంత పాత పెట్టె, గుయ్యిమని మూలగనైనా లేదు. అదే ఆయనకు వింతగా తోచింది.

ఆమె మైకు మీదికి వంగింది. పెదవి ఆనిందో లేదో —

చటుక్కున వెనక్కి జరిగింది.

"ఏమైంది?"

"ఎవరో... ముట్టుకున్నారండీ." మునివేళ్ళతో మూతి తుడుచుకుంది. "పెదవుల మీద చీమలు పాకినట్టు..."

తలుపు దగ్గర వాచ్‌మన్ దేవుడి పేరు అందుకున్నాడు.

"ఏదో భ్రమ పడ్డానేమో. మళ్ళీ చూస్తాను," అంటూ ఆమె స్టాండు వైపు చెయ్యి చాచింది.

"ముట్టుకోకు." ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. "చేతులు వెనక్కి పెట్టుకో. కదలకు."

అక్కడ మనలాంటివాళ్ళమైతే పరుగే. ఆయన జేబులోంచి టెస్టరు తీసి, మెల్లగా... మైకు జాలీకి ఆనించాడు.

టెస్టరులో ఎర్రటి చుక్క వెలిగింది.

మెయిను కట్టేశాడు. ప్లగ్గు పీకాడు. టార్చి పళ్ళ మధ్య కరచి పట్టుకుని ప్లగ్గు విప్పి చూశాడు. మూడు పిన్నుల్లో పైది ఖాళీ. ఎర్తు వైరు తెగలేదు... కత్తిరించారు. శ్రద్ధగా వెనక్కి మడిచి, టేపు చుట్టారు.

పెట్టె గుయ్యిమనకుండా కొందరు చేసే పని అది. గోల పోతుంది, నిజమే. కానీ లోపల ఎక్కడైనా కరెంటు లీకైతే నేలలోకి పోయే దారి ఉండదు. మైకు ఇనుము మీదే పొంచి ఉంటుంది — తడికాళ్ళ మనిషి కోసం.

ఆమె ఆ టేపు వైపు చాలాసేపు చూసింది. కొస చిన్న నాలుకలా మడిచి వదిలారు. ఇంట్లో ప్రతి వైరుకూ ఆ మడత చూస్తూనే పెరిగింది.

"నాన్న చుట్టిందండీ," అంది.

ఇంటికొచ్చేసరికి లైటు వెలుగుతోంది. అటక కింద, నిచ్చెన పక్కన మామగారు కూర్చుని ఉన్నారు. అల్లుడి చేతిలో పెట్టె చూశారు. తర్వాత కూతురి మొహం చూశారు. లేచి వచ్చి, ఆమె రెండు చేతులూ తడిమి తడిమి చూశారు.

"ఆ రాత్రి ఈ పెట్టెతో మైకు పెట్టింది నేనే తల్లీ," అన్నారు చివరికి. "పెదవులు చిమచిమలాడుతున్నాయని ఆవిడ కూడా చెప్పింది..."

ఆమె చేతులు వదిలేశారు.

"జనం ఎదురుచూస్తున్నారు, ఏం కాదు, పాడమ్మా... అన్నాను."