నాలుగింటికి జవాబు రాకూడదు

గురువారం సాయంత్రం 4:20కి, సరిహద్దుకు అవతల, ఒక బస్టాపులో ఒక మనిషి చనిపోయాడు. బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో ఫోన్ ఉంది. పక్కన నిలబడ్డవాళ్ళు నిద్రపోతున్నాడనుకున్నారు. రెండు బస్సులు వచ్చి వెళ్ళాక ఒక డ్రైవర్ దిగి భుజం తట్టాడు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు ఉంది.

చనిపోయినవాణ్ణి గూఢచారి శాఖలో బావ అనేవారు. ఆ శాఖలో అందరికీ చుట్టరికాలే పేర్లు. అసలు పేర్లు శాఖ నడిపే పెద్దాయన ఒక్కడికే తెలుసు.

మర్నాడు ఉదయం పెద్దాయన ఒక కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా అల్లుడు. ఏ ఇంటికి వెళ్ళినా కుర్చీ వేసి కూర్చోబెట్టేలా మాట్లాడగలడని అతనికి ఆ పేరు పెట్టారు.

"బావ తప్పేం లేదు," అన్నాడు పెద్దాయన. "నాలుగింటికి ఫోన్ తీశాడు. ఎప్పుడూ అడిగే పేరే అడిగాడు. తప్పుడు జవాబొచ్చింది."

"ఎవరిచ్చారు?"

"మన సర్వరే."

బయట తిరిగే ఏజెంట్ల ఫోన్లలో శాఖ చిరునామా ఉండదు. ఒక పేరు మాత్రం ఉంటుంది. చూసేవాళ్ళకు అది హోటల్ గదులు బుక్ చేసే సైటు పేరు. పేరు చెబితే దాని నంబరు చెప్పే యంత్రాన్ని డొమైన్ నేమ్ సర్వర్ అంటారు. ఫోన్ ఆ నంబరుకే వెళుతుంది, ఏజెంటు ఎక్కడున్నాడో ఆ నంబరు వాళ్ళకే చెబుతుంది. నంబరు మారిస్తే శత్రువుకు చెబుతుంది. శాఖ ఈ సర్వర్లను తన ఆఫీసులో పెట్టుకోలేదు. ఒక ఇన్సూరెన్స్ కంపెనీ నెట్‌వర్క్‌లో పెట్టింది. వేలమంది రోజంతా పేర్లు అడిగే చోట ఒక పేరు ఎవరి కంటా పడదు. కంపెనీ యజమానికి, నెట్‌వర్క్ హెడ్‌కు తప్ప ఈ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. నెట్‌వర్క్ హెడ్ శాఖ మనిషి. ఆమె పేరు వదిన.

"సర్వర్ రాసుకునే లాగ్స్ చూశారా?" అన్నాడు అల్లుడు.

"చూశాం. గురువారం మూడున్నర నుంచి నాలుగున్నర దాకా అసలు లాగ్సే లేవు. ఏదో అప్‌డేట్ పెట్టారట, కుదరక వెనక్కి తీశారట."

"ఎవరు తీశారట?"

"సర్వర్ రూమ్ ఉద్యోగి. వదిన చెప్పింది."

అల్లుడు తలెత్తి చూశాడు. గోడ మీద అక్షరాల పట్టిక ఉంది. కింది వరుస అతనికి కనబడలేదు.

"పిన్ని ఎప్పుడు అడుగుతుంది?"

"ఆదివారం నాలుగింటికి. వారానికి ఒకసారే."

పిన్ని మూడేళ్ళుగా అవతలే ఉంది. అల్లుడికి ఈ పని నేర్పింది ఆమే. శాఖ నుంచి ఆమెకు ఫోన్ చేసే దారి లేదు. ఆమే అడగాలి. అడిగినా జవాబు రాకపోతే ఫోన్ పారేసి ఊరు వదిలేయాలన్నది నియమం.

"అయితే ఇప్పుడే సర్వర్లు ఆపేద్దాం," అన్నాడు అల్లుడు.

"ఆపితే పిన్ని మూడేళ్ళ పని గంగలో కలుస్తుంది. లోపలుండి నంబరు మార్చినవాడు జారుకుంటాడు. ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ అప్‌డేట్ ఉంది. కంపెనీకి సెలవు, అప్‌డేట్ చేసేవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. సర్వర్లు అమ్మిన వెండర్ పంపిన ఇంజనీర్‌గా వెళ్ళు. సర్వర్లు శుభ్రంగా ఉంటే వదిలెయ్. లేకపోతే నాలుగు లోపల ఆపెయ్."

"ఆపలేకపోతే?"

"బావ పక్కన పిన్నిని పడుకోబెడతారు," అన్నాడు పెద్దాయన. డ్రాయర్‌లోంచి గోళ్ళు తీసుకునే కట్టర్ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. "పెన్‌డ్రైవ్. రెండు సర్వర్లలో ఏముందో పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. గోళ్ళు కూడా తీస్తుంది. నీ చేతులు చూస్తే రెండూ అవసరమే అనిపిస్తోంది."

ఆదివారం రెండున్నరకు అల్లుడు మెడలో వెండర్ కార్డు వేసుకుని కంపెనీలోకి నడిచాడు. రిసెప్షన్‌లో ఎవరూ లేరు. లిఫ్ట్ దగ్గర ఒకామె నిలబడి ఉంది. నల్ల కోటు, ఎర్ర లిప్‌స్టిక్. సెంటు వాసన లిఫ్ట్ లోపలి దాకా వచ్చింది.

"ప్రయాణం బాగా జరిగిందా?" అందామె.

"కిటికీ పక్క సీటు దొరకలేదు."

"ఈసారి ముందే చెప్పండి," అంది వదిన. అది చివరి కోడ్ మాట. లిఫ్ట్ తలుపులు మూసుకున్నాక గొంతు తగ్గించింది. "బావ సంగతి విన్నాను. కింద సర్వర్ రూమ్‌లో ఉన్నవాణ్ణి ఓ కంట కనిపెట్టండి. వాడి మీదే నాకు అనుమానం. నేను పైన నా గదిలో, సర్వర్లు నడిపే కన్సోల్ దగ్గరుంటాను. కాఫీ పంపిస్తాను."

కింద ఉన్నవాడు స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని ఉన్నాడు. తలకు మంకీ క్యాప్. ఆఫీసులో అతన్ని ఫ్రీజర్ అంటారు. సర్వర్ రూమ్ బేస్‌మెంట్‌లో ఉంది. కిటికీ లేదు. ఏసీల హోరుకు గొంతు పెంచి మాట్లాడాలి. లోపల రెండు రాక్‌లు, రాక్‌కు ఒక పెద్ద కంప్యూటర్ డబ్బా. గోడకు ఒక ఇంటర్‌కామ్.

"ఎక్కడిదాకా వచ్చింది?" అన్నాడు అల్లుడు.

"మొదటి డబ్బా ఖాళీ చేశాను సార్. అందులోవన్నీ రెండో డబ్బాలోకి పంపాను. ఇది అప్‌డేట్ అయి లేచాక, అటువి ఇటు."

"నేమ్ సర్వర్లు రెండూ కూడా?"

"రెండూ. మామూలుగా అయితే అవి అత్తాకోడళ్ళు సార్, ఒకే ఇంట్లో ఉంచం. ఒకటి పోయినా ఇంకోటి ఉండాలి కదా. అప్‌డేట్ రోజు మాత్రం తప్పదు."

ఆ నేమ్ సర్వర్లు విడి యంత్రాలు కావు. డబ్బా లోపల నడిచే వర్చువల్ సర్వర్లు. నడుస్తుండగానే ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి మార్చవచ్చు. అప్‌డేట్‌కు ముందు స్నాప్‌షాట్ తీసి దాచుకుంటారు. తేడా వస్తే సర్వర్‌ను ఆ క్షణానికి వెనక్కి తిప్పేస్తారు. తిప్పాక, మధ్యలో జరిగిందేదీ దానికి గుర్తుండదు.

అల్లుడు కట్టర్‌ను లాప్‌టాప్‌కు పెట్టాడు. తెర మీద రెండు వరుసలు వచ్చాయి. ఒకటో సర్వర్ దగ్గర 318. రెండో సర్వర్ దగ్గర 319.

అతను కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

పేర్ల పట్టికలో ఏ మార్పు చేసినా ఒకటో సర్వర్‌లోనే చేస్తారు. చేసిన ప్రతిసారీ ఆ పట్టిక వరుస నంబరు ఒకటి పెరుగుతుంది. రెండోది ఆ నంబరు చూసి, తన దాని కంటే పెద్దదైతేనే కాపీ చేసుకుంటుంది. కాపీ చేసుకునేది అసలును దాటి ముందుండడానికి ఒకటే కారణం. ఎవరో ఒకటో సర్వర్‌లో మార్పు చేశారు. రెండోది కాపీ చేసుకుంది. తర్వాత ఒకటోదాన్ని స్నాప్‌షాట్‌కు తిప్పేశారు. అది మర్చిపోయింది. రెండోదాన్ని తిప్పడం తిప్పినవాళ్ళు మర్చిపోయారు.

రెండోదాంట్లో హోటల్ సైటు పేరు ఎదురుగా ఉన్న నంబరు శాఖది కాదు.

"గురువారం వెనక్కి తిప్పింది నువ్వేగా?" అన్నాడు అల్లుడు, తెర మీంచి కళ్ళు తీయకుండా.

"నేనా? గురువారం నాకు సెలవు సార్. పాపకి జ్వరం. మేడమే పిలిచి, నువ్వెళ్ళు, చిన్న అప్‌డేటే కదా నేను చూసుకుంటానన్నారు. అడక్కుండా సెలవిచ్చే మేడమ్ ఎక్కడ దొరుకుతుందని మా ఆవిడ రెండ్రోజులు మెచ్చుకుంది."

అప్పుడు సమయం 3:44. అల్లుడు రెండు సర్వర్లనూ ఆపమని కమాండ్ కొట్టాడు. అనుమతి లేదని తెర చెప్పింది. మళ్ళీ కొట్టాడు. అతని లాగిన్ రద్దయింది. తలుపు పైన పచ్చ దీపం ఎర్రగా మారింది. ఫ్రీజర్ వెళ్ళి తన కార్డు పెట్టి చూశాడు. తలుపు కదల్లేదు.

ఇంటర్‌కామ్ మోగింది.

"అల్లుడుగారూ, కాఫీ పంపడం కుదర్లేదు," అంది వదిన. "మరేం లేదు. ఓ పావుగంట అక్కడే కూర్చోండి. తర్వాత తలుపు అదే తెరుచుకుంటుంది."

"బావకి ఎంత తీసుకున్నావ్ వదినా?"

"అది అడిగేంత దగ్గర చుట్టరికం కాదు మనది." లైన్ కట్టయింది.

ఫ్రీజర్ అతని వైపే చూస్తున్నాడు. "మీరు మేడమ్ గారికి అల్లుడా?"

"కాదు. ఒక మనిషి ప్రాణం పోతుంది. నాలుగింటికి ఈ సర్వర్లు జవాబు చెబితే పోతుంది. ప్రస్తుతానికి అంతే తెలుసుకో."

లాప్‌టాప్ తెర ఇంకా వెలుగుతూనే ఉంది; వరుస నంబర్లు చూడడానికి లాగిన్ అక్కర్లేదు. ఒకటో సర్వర్ వరుస నంబరు 318 నుంచి 320కి మారింది. రెండు క్షణాల్లో రెండోది కూడా 320. 319 పెడితే రెండోది కాపీ చేసుకోదని ఈసారి ఆమె మర్చిపోలేదు. పిన్ని ఫోన్ ఏ సర్వర్‌ను అడిగినా ఇప్పుడు ఒకే తప్పుడు జవాబు.

"రెండూ ఇంకా రెండో డబ్బాలోనే ఉన్నాయా?"

"ఉన్నాయి సార్. మొదటిది ఇప్పుడే లేచింది. ఖాళీగా ఉంది."

అల్లుడు రెండో డబ్బా వెనక్కి వెళ్ళి కరెంటు వైరు పీకాడు. డబ్బా ఒకసారి కూత వేసింది. ఫ్యాన్లు ఆగలేదు.

"రెండు వైర్లుంటాయి సార్," అన్నాడు ఫ్రీజర్. "ఒకటి పోయినా ఇంకోటి..."

"ఉండాలి కదా. తెలిసింది. రెండోది ఎక్కడ?"

"అవతలి పక్క. జాలీకి తాళం. తాళంచెవి మేడమ్ దగ్గర."

జాలీ కింద జానెడు సందు ఉంది. అల్లుడు నేల మీద బోర్లా పడుకుని చెయ్యి దూర్చాడు. వైరు వేళ్ళకు తగిలింది గానీ పట్టు చిక్కలేదు. చొక్కా చెయ్యి చిరిగింది. ఫ్రీజర్ తన పై స్వెటర్ విప్పి, ఒక చెయ్యి పట్టుకుని రెండోది సందులోంచి విసిరాడు. మూడోసారి వైరుకు చుట్టుకుంది. ఇద్దరూ కలిసి లాగారు.

ఫ్యాన్లు ఆగాయి. గదిలో సగం హోరు పోయింది. 3:53.

ఒక డబ్బా ఆగితే అందులోని సర్వర్లు ఇంకో డబ్బాలో వాటంతటవే లేస్తాయి. అప్‌డేట్ రోజు ఆ ఏర్పాటు ఆపి ఉంచుతారు. ఆ రోజు కూడా ఆపే ఉంది. అయితే కన్సోల్ నుంచి ఒక మనిషి వాటిని లేపవచ్చు. రెండు నిమిషాల పని.

3:55కి ఇంటర్‌కామ్ మళ్ళీ మోగింది. ఈసారి ఆమె అల్లుణ్ణి అడగలేదు.

"ఫ్రీజర్‌కివ్వండి."

ఫ్రీజర్ రిసీవర్ తీసుకున్నాడు. అల్లుడు పక్కనే చెవి పెట్టాడు.

"కన్సోల్ తెరుచుకోవడం లేదు. మొదటి డబ్బా దొరకడం లేదంటోంది. అది బాగానే ఉందా?"

"ఉంది మేడమ్. దీపం వెలుగుతోంది."

"మరి?"

"కన్సోల్ దాన్ని పేరుతో వెతుకుతుంది మేడమ్. పేరు చెప్పాల్సిన సర్వర్లు రెండూ ఇప్పుడే పోయాయి కదా."

పైన కీబోర్డు టకటకమంది.

"నంబరుతో పోతాను. దాని నంబరు చెప్పు."

కన్సోల్‌లో గానీ, తలుపుల దగ్గర గానీ, గేటు దగ్గర గానీ ఎక్కడా నంబర్లు రాయకూడదని, పేర్లే రాయాలని ఏడాది కిందట ఆ కంపెనీలో ఒక ఆర్డర్ వచ్చింది. నంబరు మారినప్పుడల్లా పది చోట్ల దిద్దుకోవడం మోటు పని అని అందులో ఉంది. కింద సంతకం నెట్‌వర్క్ హెడ్‌ది.

మొదటి డబ్బా ముందు ఒక స్టిక్కర్ ఉంది. దాని మీద నంబరు బాల్‌పెన్‌తో రాసి ఉంది. రాసింది ఫ్రీజరే. పీకెయ్యమన్నప్పుడు పీకలేదు. అతను దాని వైపు చూశాడు. అల్లుడు కూడా చూశాడు.

"విను," అంది వదిన. "నీ ప్రమోషన్ కాగితం నా బల్ల మీదే ఉంది. ఇప్పుడే సంతకం పెడతాను. పాపకి జ్వరం అన్నావు. మంచి డాక్టరుకి చూపించుకోవచ్చు. నంబరు చెప్పు."

ఫ్రీజర్ పెదవులు తడుపుకున్నాడు. అల్లుడు రిసీవర్ లాక్కోలేదు. లాక్కుంటే నంబరు ఇక్కడ ఉందని ఆమెకు తెలిసిపోతుంది.

3:57.

"నంబర్లు రాసి పెట్టొద్దని మీరే కదా మేడమ్ అన్నారు," అన్నాడు ఫ్రీజర్. "నాకెలా తెలుస్తుంది?"

ఆమె ఇంకేదో అంది. అతను రిసీవర్ పెట్టేశాడు. పెట్టాక, నేల మీద పడున్న స్వెటర్ తీసి దులుపుకున్నాడు.

"జ్వరం తగ్గింది సార్," అన్నాడు. "నిన్ననే తగ్గింది."

ఇద్దరూ గోడ గడియారం కింద నిలబడ్డారు. ముల్లు నాలుగు దాటింది. ఒక డబ్బా నడుస్తున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

తర్వాత నిర్ధారణ అయిన సంగతులు ఇవి.

4:00కి పిన్ని ఫోన్ ఆ పేరు అడిగింది. జవాబు రాలేదు. రెండోసారి, మూడోసారి అడిగింది. రాలేదు. ఫోన్ ఒక మార్కెట్ వెనక చెత్తకుండీలో దొరికింది. దొరికింది శత్రువుల మనుషులకు కాదు, మునిసిపాలిటీ వాళ్ళకు.

4:09కి కంపెనీ పార్కింగ్ గేటు దగ్గర ఒక నల్ల కారు ఆగింది. గేటు కార్డు చదివింది, తన సర్వర్ పేరు అడిగింది, నంబరు దొరక్క అడ్డకర్ర ఎత్తలేదు. కారులోని ఆమె ఆరుసార్లు కార్డు పెట్టింది. ఏడోసారి, బయట కాపు వేసిన పెద్దాయన మనుషులు వచ్చారు.

సర్వర్ రూమ్ తలుపును 4:30కి వాచ్‌మన్ గడ్డపారతో తెరిచాడు.

సాయంత్రం 5:40కి, అవతలి ఊళ్ళో, సరిహద్దుకు వచ్చే బస్సు బయల్దేరింది. చేతిసంచీతో ఒక పెద్దావిడ అందులో ఎక్కింది. ఆ బస్సులో టికెట్ మీద పేరు రాయరు. సీటు నంబరు 14.