పిలవకూడని ఫంక్షన్

సూళ్లూరుపేటలో చెన్నై లోకల్ ఆగేసరికి ప్రోగ్రామర్ కిషోర్ బాబు కిటికీ పక్క సీట్లోనే చనిపోయి ఉన్నాడు. మెడ మీద సూది గుర్తు. ఉదయం పదిన్నర.

తడలో కోల్డ్ రూమ్ మెకానిక్ వేషంలో తిరుగుతున్న ఏజెంట్ జడ్సన్‌కు ఫోన్ వచ్చింది. చీఫ్ నరేంద్రబాబు.

"నీ పక్కనున్న రొయ్యల ఫ్యాక్టరీ. కిషోర్ రాసిన కంట్రోల్ ప్రోగ్రాం విదేశీ ముఠా చేతికి చిక్కింది. అమ్మోనియా ప్రెషర్ పెంచుతున్నారు. తలుపులు లాక్. లోపల మూడు వందల మంది ఆడవాళ్లు. పదకొండున్నరకు ట్యాంకు పేలుతుంది. ఇది రిహార్సల్ మాత్రమే. తర్వాత పోర్టులు."

"కరెంటు తీసేస్తే?"

"వాల్వులు మూసుకునే ఉండిపోతాయి. కంట్రోల్ రూమ్‌కి వెళ్లు. అక్కడ మన మనిషి కామాక్షి ఉంది."

కంట్రోల్ రూమ్ ఫ్యాక్టరీ బయట విడిగా ఉంది. గ్యాస్ పెన్నుతో కాపలావాణ్ణి పడుకోబెట్టి జడ్సన్ లోపలికి దూరాడు. పట్టుచీర, నల్లకళ్లద్దాలు, చేతిలో పిస్టల్. కామాక్షి!

"మడవ చేపలు పడినాయా?" అందామె.

"ఎదురీదుతా ఉండాయి," అన్నాడు కోడ్ ప్రకారం.

పిస్టల్ దిగింది. "నన్ను నమ్మబాకన్నా. నేను వాళ్లకీ పని చేసినా."

"మరి ఇప్పుడు?"

"మా అక్క మహాలక్ష్మి లోపల రొయ్యలు ఒలస్తా ఉంది. ఈ పొద్దు రావద్దని మొత్తుకున్నా. వినలేదు."

పదకొండూ ఇరవై. ప్రోగ్రాంలో బయటివాళ్లు వాడుకోగల ఫంక్షన్లన్నిటినీ ముఠా తుడిచేసింది. గ్యాసును నీళ్ల ట్యాంకులోకి మళ్లించి తలుపులు తెరిచే ఫంక్షన్ మాత్రం లోపల మిగిలింది. అది ప్రైవేట్. బయటి కోడ్ నేరుగా పిలిస్తే పలకదు.

"రిఫ్లెక్షన్ ఒక్కటే దారి. ప్రోగ్రాం నడుస్తుండగానే నీలో ఏమేం ఫంక్షన్లు ఉన్నాయని అందులోని ఆబ్జెక్ట్‌నే అడగాలి," అంటూ జడ్సన్ పెన్ డ్రైవ్ గుచ్చాడు.

స్క్రీన్ మీద నలభై ప్రైవేట్ ఫంక్షన్ల పేర్లు. అన్నీ అర్థం లేని అక్షరాలు. తప్పుదాన్ని కదిపితే ప్రెషర్ ఇంకా ఎగబాకవచ్చు.

"కిషోర్ ఒకసారి చెప్పినాడు," అంది కామాక్షి. "దానికి ఇన్‌పుట్ అక్కర్లేదంట. పనైతే ట్రూ అంటుందంట."

అలాంటిది ఒక్కటే ఉంది. జడ్సన్ ఎంటర్ నొక్కాడు.

యాక్సెస్ లేదు!

అంతలో తలుపు మీద తుపాకీ మోగింది. ముఠా వచ్చేసింది. కామాక్షి ఇనుప బీరువాను తలుపుకు అడ్డంగా తోసి, దానికి వీపు ఆనించింది. రెండో తూటా బీరువాను చీల్చుకుని ఆమె భుజంలో దిగింది.

"నన్ను చూడబాక! కొట్టన్నా, కొట్టు!"

పదకొండూ ఇరవై తొమ్మిది. జడ్సన్ కొట్టిన లైన్లు మళ్లీ చదివాడు. ఏం మరిచాడు? ఫంక్షన్ దొరికితే చాలదు, పిలిచే ముందు దాని ప్రైవేట్ తాళం తీయాలి! ఆ ఒక్క లైను కొట్టాడు. ఎంటర్.

ట్రూ.

పైపుల్లో గ్యాసు బుసకొట్టింది. ఫ్యాక్టరీ తలుపులు తెరుచుకున్నాయి. నీలం టోపీలు, రబ్బరు బూట్లతో ఆడవాళ్లు కేకలు వేస్తూ బయటికి ఉరికారు. పోలీసు సైరన్ వినగానే ముఠా గోడ దూకి, మరో పోలీసు జీపు ముందే పడింది.

స్ట్రెచర్ పక్కన మహాలక్ష్మి చెల్లెలి చెయ్యి వదల్లేదు. "రావద్దన్నదానివి, ఎందుకో చెప్పొద్దా నువ్వు?" అని ఏడుస్తూనే తిట్టింది.

చీఫ్ ఫోన్ చేశాడు. "ప్రైవేట్ ఫంక్షన్‌లోకి ఎలా పోయావయ్యా?"

జడ్సన్ చెమట తుడుచుకున్నాడు. "పిలవని పేరంటాలకు పోవడమే కదా సార్ మన ఉద్యోగం!"