మిగిలిన మూడు కూజాలు

"ముందు ఆ కత్తెర కింద పెట్టండి!"

నోవహు ఉలిక్కిపడ్డాడు. ఎడమచేత్తో తీగ పట్టుకుని, కుడిచేత్తో కత్తెర ఎత్తి ఉన్నాడు పాపం. గుమ్మంలో ఒక అమ్మాయి. చంకలో పుస్తకాలు, కళ్ళలో కోపం, ముంగురుల మీద అప్పుడే పడిన వానచుక్కలు. ఇన్నీ ఒక్కసారే చూడాల్సి వచ్చినవాడు తడబడక ఏం చేస్తాడు?

"లూకా సారే రమ్మన్నరండీ. మొక్క జెర చూడమని చర్చిల చెప్పిండ్రు."

"చూడమన్నారు. నరకమన్నారా?"

అది 1948 జూన్. సీతాఫల్‌మండిలో లూకా మాస్టారి అద్దె ఇల్లు. మాస్టారిది బందరు, పదేళ్ళ కిందట హైస్కూలు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. కూతురు సలోమి ఆడపిల్లల బడిలో టీచరు. కిందటేడు ఇంగ్లండు వెళ్ళిపోతూ బొల్లారం దొరసాని ఒకామె సలోమికి ఈ కూజా మొక్కను ఇచ్చింది. ప్రతి ఆకు కొస నుంచి సన్నటి తీగ దిగి, దాని చివర మూతతో సహా చిన్న కూజా వేలాడుతుంది. చీమలూ ఈగలూ అందులో పడితే మొక్కకు అదే భోజనం. కానీ ఈ ఏడు తీగ దూలం దాకా పాకింది తప్ప కొత్త కూజా ఒక్కటీ వేయలేదు. పాతవి ఏడూ ఎండిపోయాయి.

"బలమంత పొడుగుకే పోతున్నది టీచరమ్మా," అన్నాడు నోవహు, కత్తెర బుద్ధిగా కింద పెట్టి. "కణుపు మీద ఏటవాలుగ కోస్తే కింద చిగుర్లొస్తయి. ఎండిన కూజాలు తీసెయ్యాలె, పచ్చటి ఆకును మాత్రం ముట్టొద్దు."

"మీకెలా తెలుసండీ ఇవన్నీ?"

"మా నాయిన బొల్లారం బంగ్లాల ఇరవై ఏండ్లు తోటమాలి. నేను రైల్వే గూడ్స్ షెడ్డుల గుమస్తా. చెయ్యి మాత్రం మా నాయినదే."

ఇంతలో లూకా మాస్టారు చెంబుతో వచ్చి, ఎండిన కూజాల్లో ఒక్కొక్కదానిలో జాగ్రత్తగా నీళ్ళు పోయసాగారు. "ఖాళీ కూజా చూస్తే నాకు మనసొప్పదు బాబూ," అన్నారు.

"అయ్యో సారూ! గవి మనం తాగే కూజాలు కావు. బావినీళ్ళు దీనికి పడవు. వాననీళ్ళు పొయ్యాలె, అది సుత మట్టిల!"

సలోమి ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతో నోవహు పని అయిపోయింది.

ఏడు ఎండు కూజాలు తీయడం అరగంట పని. నోవహు ఆదివారానికి ఒకటి చొప్పున తీశాడు. మెట్టుగూడ క్వార్టర్స్ నుంచి సైకిలు మీద తడుస్తూ వచ్చేవాడు, ఒక్క కూజా కోసేవాడు, రెండు కప్పుల టీ తాగేవాడు. కోత ఎలా ఉండాలో సలోమికి చూపించేవాడు. ఆమె మొక్కను చూసేది. అతను ఆమెను చూసేవాడు. వాన వెలిస్తే అతను బయల్దేరాలి కనుక ఇద్దరికీ కోపం వచ్చేది. అయినా తీగ కోయడానికి మాత్రం ఆమె ఒప్పుకోలేదు.

అయిదో ఆదివారం వెళ్ళేసరికి వరండాలో ట్రంకుపెట్టెలు కనిపించాయి.

"బందరు వెళ్ళిపోతున్నాం," అంది సలోమి. "ఊళ్ళో గొడవలు చూస్తున్నారుగా. ఇక్కడ ఉండొద్దని పెదనాన్నగారు ఉత్తరం మీద ఉత్తరం."

"మళ్ళ ఎప్పుడొస్తరు?"

"వస్తామో, అక్కడే ఉండిపోతామో."

నోవహు ట్రంకుపెట్టెల వైపు చూశాడు. నువ్వు లేకపోతే నాకు ఆదివారమే లేదని చెప్పాలనుకున్నాడు. వంగి కుండీలో రాలిన ఆకులు ఏరసాగాడు.

కత్తెర సలోమే తీసి అతని చేతికిచ్చింది. "కోయండి. కుండీ రైల్లో రాదు. ముక్క నేను తీసుకెళ్తాను, మొక్క మీ దగ్గరుంచండి."

అతను ఏటవాలుగా కోశాడు. ముక్కను తడి నాచులో చుట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టాడు.

"పందెం," అంది సలోమి, కళ్ళు తుడుచుకుని. "ఎవరిది ముందు కూజా వేస్తే వాళ్ళు ఏదడిగినా రెండోవాళ్ళు కాదనకూడదు."

"ఏదడిగినా?"

"ఏదడిగినా!"

మొదట్లో బందరు నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి, తరువాత అవీ ఆగిపోయాయి. సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. అయిదు రోజులు విమానాల మోత, పుకార్లు. ఆపైన రైళ్ళు మెల్లగా మళ్ళీ నడిచాయి. నోవహు తడి గోనెపట్టాలు కట్టి, కుండల్లో వాననీళ్ళు దాచి మొక్కను కాపాడాడు. కూజా కన్నా ముందు ఆమె రైలు వస్తే చాలునని రోజూ ప్రార్థన చేసుకున్నాడు.

నవంబరులో ఒక ఆదివారం చర్చిలో లూకా మాస్టారి బెంచీ మళ్ళీ నిండింది. ఆ సాయంత్రమే నోవహు కుండీని సైకిలుకు కట్టుకుని సీతాఫల్‌మండి చేరాడు.

సలోమి మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఖాళీ బిస్కెట్ల డబ్బా.

"ఓడిపోయానండీ. బందరు బావినీళ్ళు ఉప్పు కదా. నేను లేనప్పుడు నాన్న చెంబెడు పోశారు. ఏమంటాం ఆయన్ని? మీదో?"

"నాది సుత ఎయ్యలే," అన్నాడు నోవహు ఎటో చూస్తూ. "బరాబర్ అయింది."

సలోమి వంగి చూసింది. మోడు పక్కన రెండు కొత్త చిగుళ్ళు. ఒక కొత్త ఆకు కొసన వేలాడే సన్నటి తీగ చివర కూజా లేదు, ఏటవాలు కోత మాత్రం ఇంకా పచ్చిగా ఉంది.

"ఇది రాలింది కాదు. కోసింది. నాకు నేర్పిందే మీరు. ఎప్పుడు కోశారు?"

"మీరొస్తున్నరని పాస్టరుగారు చెప్పిన దినమే."

"గెలిచి కూడా కోసేశారా? ఎందుకు?"

"గెలిస్తే నిన్నే అడుగుత." మీరు నువ్వయింది అతనికే తెలియలేదు. "నువ్వేమో కాదనొద్దు. పందెం ఓడినవని నాతోని రావొద్దు సలోమీ. ఇష్టముంటెనే రావాలె. గదే పరేషాన్."

ముక్క చచ్చిపోయిన రోజు సలోమి బందరులో తెల్లవార్లూ ఏడ్చింది. మొక్క కోసం కాదు. ఆ మాట చెప్పబోయి కుండీ వైపు చూసింది. పాత ఆకులకు మూడు ఎండు కూజాలు అలాగే వేలాడుతున్నాయి. నాలుగు నెలల్లో వాటిని అతను ముట్టనేలేదు.

"ఇవెందుకు తియ్యలేదు?"

"గవి నీ ఆదివారాలు. నువ్వు లేంది ఎట్ల తీస్త?"

గుమ్మంలో చెంబుతో నిలబడిన లూకా మాస్టారు చిన్నగా దగ్గారు. ఎప్పటినుంచి ఉన్నారో ఏమో!

"ఇంకా మూడు ఆదివారాల పని ఉంది నాన్నా," అంది సలోమి తల వంచుకుని. "నాకు ఇష్టమే."

"సరిపోయిందమ్మా," అన్నారాయన. "పెళ్ళికి ముందు చర్చిలో ప్రకటన చదివేది కూడా మూడు ఆదివారాలే. పాస్టరుగారితో రేపే మాట్లాడతాను." ఆ పైన చెంబు అల్లుడి చేతికి అందించారు. "నువ్వే పొయ్యి బాబూ. ఇది వాననీళ్ళో, బావినీళ్ళో ముందు చూసుకో."